మోకాలి ఎత్తు నుంచి

బాలు పోతే మూడు నిమిషాలు.
మా నాయన బ్యాగు మోసిన కాలంల అయిదుండె.
ఇప్పుడందరికీ తొందర,
పోయినదాన్ని దేవులాడే టైము కూడా కోసిండ్రు.

నాకు ఇంగ్లీషు రాదు.
రూల్సు బుక్కు మా పావని చదివి చెప్పేది,
లంగర్‌హౌజ్ రూముల, కరెంటు పోయిన రాత్రులు,
ఫోను లైటు కింద.
ఇంకో బాలు కొట్టేముందు నోటితోటి చెప్పాలె, ఇది అనుమానం బాలు అని.
చెప్పకుంటే మొదటిది సచ్చినట్టే.
ఎలుక బొక్కల పడితే జుర్మానా లేదు.
నెమలి ముక్కున కరుచుకపోతే
ఉన్నకాడనే ఇంకోటి పెట్టాలె.
"నాయినా, మరి నెమలికి శిక్ష?"
లేదు బిడ్డా,
నెమలి కార్డు మీద సంతకం పెట్టదు గద.

ఈ ఆటల మన ఎంబడి అంపైరు నడవడు.
పొద కాడ మనిషి ఒక్కడే.
ఇద్దరనుకోండి,
నన్ను లెక్కల పట్టుకుంటే.

మొన్న ఆయితారం, కోటగోడ పక్కన,
మాణిక్‌రావు సారు కొట్టిన బాలు కుడికి మర్రి
సర్కారు తుమ్మలల్ల దూరింది.
సారు సర్వే ఖాతాల ముప్పై నాలుగేండ్లు
గొలుసు గుంజిపిచ్చినోడు.
అవతల బిల్డరు దయాకరు, పండ్ల డాక్టరు చినాయ్.
పందెం అయిదు వందలు.
పంతం అయితే లచ్చలల్ల ఉంటది.

ఎండుటాకులల్ల కాలు పెట్టి దేవులాడుతున్న.
మడిమెకు ఏందో టక్కుమన్నది.
తెల్లగ దొర్లి, బయటికొచ్చి,
పచ్చగడ్డి మీద కూసున్నది, పీట మీద పెండ్లికొడుకు లెక్క.
అక్కడికెళ్ళి జెండా సూటిగ కనబడుతది.
ఎవ్వరు చూడలే.
"దొరికిందా బక్కన్నా?"
దొరికింది అంటే అబద్ధం కూడ కాదు.

చెప్పిన.
"నా కాలు తగిలింది సార్."
"జుర్మానా ఎంత?"
"ఏం లేదు. దేవులాడుతుంటే తగిలితే తప్పు కాదు.
కానీ ఉన్నకాడ పెట్టాలె.
కంప కింద ఉండెనంటే కంప కిందనే."
"ఎక్కడుండెనో తెల్వకపోతే?"
"అంచనా సార్. సాఫు దిల్‌తోటి అంచనా."

సారు ముండ్లల్ల చెయ్యి పెట్టిండు.
గోడకు జానెడు దూరంల, తుమ్మ మొదట్ల పెట్టిండు.
కర్ర ఊపుదామంటే గోడ తగులుతది.
"గోడ అడ్డమొస్తే జరపొచ్చునా?" దయాకరు నవ్వుకుంటనే అడిగిండు.
హద్దు గోడకు మాఫీ లేదు.
(గోడ అవతల మా అక్క ఇల్లుండె.
అది వేరే ముచ్చట.)

ఇగ ఆడలేనని సారు ఒక దెబ్బ మీదేసుకున్నడు.
పొడుగు కర్ర నేల మీద పండవెట్టి కొలిచిండు.
ఒక కర్ర.
రెండు కర్రలు.
అక్కడ ఆగిండు.
నాకొక్కనికే వినబడేటట్టు అన్నడు:
"మూసీ ఒడ్డున ఒకపారి రాయి పాతిన, బక్కన్నా.
ఇంతే. రెండు కర్రలు లోపటికి.
కాలు తగిలి కాదు.
దానికేం రూలున్నది?"

పావని చదివిన పేజీలన్నీ మనసుల తిరగేసిన.
ఎలుకున్నది, నెమలున్నది.
కదలని రాయి ఉన్నది, కదిలే రాయి ఉన్నది.
కదిలిచ్చిన రాయి దొరకలే.
"సార్, మోకాలి ఎత్తు నుంచి ఇడవాలె," అన్న.
"భుజం కాడికెళ్ళి కాదు. అది పాతది."

ఇడిసిండు. దొర్లి గీత దాటింది.
మల్ల ఇడిసిండు. మల్ల దాటింది.
రెండుపార్లు దాటితే,
రెండోపారి నేల తాకిన చోట చేత్తోటి పెట్టాలె.

సారు వంగిండు. మోకాలు కటుక్కుమన్నది.
మట్టి మీద గురిగింజంత గుంత.
దాని మీద ఏలు పెట్టి
అట్లనే ఉన్నడు.
వెనుక గుంపు చేతులూపుతున్నది.
చినాయ్ డాక్టరు గడియారం చూస్తున్నడు.

దేవులాడెటందుకు మూడు నిమిషాలు.
పెట్టెటందుకు ఎన్నో
పావని చదవలే.